మూడు భాగాల నవలను సొంతంగా అచ్చు వేసుకుంటే: ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కుంగుతుంది

మీరు అడిగింది ఇది: కాకతీయుల కాలం నేపథ్యంగా మూడు భాగాల నవల రాస్తున్నారు. మొదటి భాగం పూర్తయింది, 55 వేల పదాలు. ఒక ప్రచురణ సంస్థ సగం ఖర్చు మీరు పెట్టుకుంటే వేస్తామంది. దానికి ఒప్పుకోవాలా, సొంతంగా వేసుకోవాలా, వేసుకుంటే ఎంతవుతుంది, ఎక్కడ దెబ్బ తగులుతుంది అన్నది ప్రశ్న.

సొంతంగానే వేసుకోండి. కాని ఇప్పుడే వద్దు.

విడి నవల లెక్క వేరు, సిరీస్ లెక్క వేరు. విడి నవల 500 కాపీలు అమ్ముడైతే పని అయిపోయినట్టే. సిరీస్‌లో మూడో భాగం కదలాలన్నా ముందు మొదటి భాగమే కదలాలి, ఎందుకంటే రెండో భాగంతో చదవడం మొదలుపెట్టే పాఠకుడు ఉండడు. ఎన్నేళ్లయినా మీరు కొత్తవాళ్లకు అమ్మగలిగేది మొదటి భాగాన్నే. మిగతా రెండూ దాని వెనకాలే నడుస్తాయి. డబ్బు, పేజీలు, తేదీలు, కాపీల సంఖ్య అన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ అమర్చుకోవాలి.

అందుకే మూడు భాగాల చిత్తుప్రతీ చేతిలో ఉన్నాకే మొదటి భాగాన్ని ప్రెస్సుకు పంపండి. రెండో భాగం రాస్తుండగా మొదటి భాగంలోని ఒక వయసో చుట్టరికమో మార్చాల్సిన అవసరం తప్పకుండా వస్తుంది. అప్పటికే పుస్తకం జనం చేతుల్లో ఉంటే చేయగలిగిందేమీ లేదు. చారిత్రక నవలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఉదాహరణకు, గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించిన 1244లో ఒక కుర్రాడికి పదేళ్లని మొదటి భాగంలో రాశారనుకోండి. రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం తేదీ 1289 నవంబరు 27. ఆమె ఆఖరి యుద్ధానికి వెంట వెళ్లేనాటికి మీ కుర్రాడికి 55 ఏళ్లు. రెండో భాగంలో అతన్ని గుర్రం మీద దూకించే ముందు ఈ కూడిక చేసుకోవాలి. వంటింటి సంగతీ అంతే. మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చింది, కాకతీయుల నాటి కారమంటే మిరియాలే. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశెనగ కూడా అప్పటికి మన నేలకు రాలేదు. ఇలాంటి తప్పు ఒక్కటి మొదటి భాగంలో దొరికితే, ఆ కాలం తెలిసిన పాఠకుడు రెండోది కొనడు.

ఒక పట్టిక పెట్టుకోండి. పాత్ర పేరు అచ్చంగా ఏ వర్ణక్రమంతో రాస్తున్నారో, పుట్టిన సంవత్సరం, ఎవరికి ఏమవుతారు, ఒంటిమీద గుర్తు, చివరిసారి కనిపించిన అధ్యాయం. వీటితోపాటు ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారన్నది తప్పకుండా రాసుకోండి. మొదటి భాగంలో ‘మామా, మీరు’ అన్న మనిషి రెండో భాగంలో అదే మామను ‘నువ్వు’ అంటే తెలుగు పాఠకుడి చెవికి వెంటనే తగులుతుంది. ఎడిటర్లు కూడా తరచుగా వదిలేసే తప్పు ఇదే.

ఇంకొకటి, ప్రతి భాగంలోనూ ఏదో ఒక కథ పూర్తి కావాలి. పెద్ద దారం సాగుతూ ఉండవచ్చు గానీ, ఆ పుస్తకం మొదట్లో లేపిన ప్రశ్నకు ఆ పుస్తకంలోనే జవాబు దొరకాలి. వారం వారం వచ్చే సీరియల్‌ను ఉత్కంఠ దగ్గర ఆపితే పాఠకుడు వారం ఓపిక పడతాడు. 250 రూపాయలు పెట్టి కొన్న పుస్తకాన్ని సగం వాక్యంలో ఆపి ఎనిమిది నెలలు ఆగమంటే ఓపిక పట్టడు. పత్రికలు ప్రతి వారం వేసిన ‘జరిగిన కథ’ పద్ధతి మాత్రం తీసుకోండి. రెండో, మూడో భాగాల ముందు పేజీన్నరలో జరిగిన కథ, ఒక పేజీలో పాత్రల చుట్టరికాల పట్టిక ఇవ్వండి.

ఇక పేజీలు. తెలుగు నవల ఎక్కువగా డెమ్మీ 1/8లో వస్తుంది, కత్తిరించాక సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 పొడవు. ఈ సైజులో పేజీకి 28 వరుసలు పెడితే దాదాపు 220 పదాలు పడతాయి. మీ 55 వేల పదాలకు 250 పేజీలు, ముందు పేజీలు ఎనిమిది, మొత్తం 258. ప్రెస్సు లెక్క పేజీల్లో ఉండదు, ఫారాల్లో ఉంటుంది. ఫారమంటే 16 పేజీలు, 16 ఫారాలంటే 256. మిగిలిన రెండు పేజీల కోసం కనీసం అర ఫారం డబ్బు కట్టాలి, ఖాళీ కాగితాలు వెనక వేలాడతాయి. వరుసలు 30 చేసి, ప్రతి అధ్యాయమూ కుడిపేజీలోనే మొదలవ్వాలన్న పట్టుదల వదిలేస్తే 240లోకి, అంటే 15 ఫారాల్లోకి దిగుతుంది.

ఆ 240కి ఇంకో కారణం ఉంది, బరువు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద డెమ్మీ పుస్తకం ఒక్కో ఆకు 2.1 గ్రాములు. 256 పేజీలంటే 128 ఆకులు, 270 గ్రాములు. 300 జీఎస్‌ఎం అట్ట మరో 19. మొత్తం 289. తపాలా శాఖ పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది, 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ వచ్చింది. అందులో మొదటి మెట్టు 300 గ్రాములు, 20 రూపాయలు, పన్ను అదనం. 289 గ్రాముల పుస్తకానికి కవరు తొడిగి టేపు వేస్తే 300 దాటి పై మెట్టుకు వెళ్తుంది. 240 పేజీల పుస్తకం 272 గ్రాములే, కవరుకు 28 గ్రాములు మిగులుతాయి. వందల కాపీలు పోస్టులో పంపబోయేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఈ పోస్టులో వెళ్లే పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో అచ్చయి ఉండాలి. మీ నవలను ఈ సేవ కింద తీసుకుంటారో లేదో పుస్తకం నమూనాతో వెళ్లి కౌంటర్‌లో ముందే తేల్చుకోండి.

డీటీపీ (కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టే పని) దగ్గర చాలామంది మొదటి భాగంలోనే చేసే తప్పు మూడో భాగం దాకా వెంటాడుతుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగినట్టు. అచ్చుకు బాగానే ఉంటుంది. రేపు ఈ-బుక్ కావాలన్నా, ఒక పేరు మూడు భాగాల్లో ఎక్కడెక్కడ ఉందో వెతకాలన్నా పనికిరాదు. మారిస్తే ర వత్తులు, క్ష, పొల్లులు చెదురుతాయి, మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లో రాయండి, ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగు పెట్టి పేజీలు కట్టించండి. ఆ సెట్టింగు లేకపోతే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు వస్తాయి. మండలి, రామరాజ, ధూర్జటి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పాఠానికి మండలి, అధ్యాయాల పేర్లకు వేరేది చూసుకోవచ్చు.

యూనికోడ్‌లోనూ ఒక గోతి ఉంది, మీ నవలకు అది ప్రత్యేకంగా తగులుతుంది. ‘ఉలుఘ్ ఖాన్‌తో’ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పాఠాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానిలోకి అతికించేటప్పుడు ఆ గుర్తు రాలిపోతే ‘ఖాన్తో’ అయి కూర్చుంటుంది. ‘మాలిక్ కాఫుర్‌ను’ కాస్తా ‘కాఫుర్ను’ అవుతుంది. ఢిల్లీ సైన్యాలు వచ్చే మూడో భాగంలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. పేజీలు కట్టాక ‘న్త’, ‘ర్న’, ‘క్ల’ వంటి జంటలను వెతికి చూసుకోవాలి. ప్రూఫు మూడుసార్లు, అందులో కనీసం రెండు కాగితం మీద. చివరిది మీరు చూడకండి. రాసిన మనిషి కన్ను రాసిందాన్ని చదవదు, రాయాలనుకున్నదాన్ని చదువుతుంది.

డీటీపీ పూర్తయ్యాక పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. తెరిచి దిద్దుకోగల ఫైలు, వాడిన ఫాంట్లు, అట్ట ఒరిజినల్ మూడూ ఇవ్వాలని డబ్బు మాట్లాడేటప్పుడే చెప్పండి. రెండో ముద్రణకు తప్పులు దిద్దుదామంటే ఫైలు ఎవరి దగ్గరుందో తెలియక మళ్లీ మొదటి నుంచి కట్టించుకునేవాళ్లు ఎంతోమంది.

అట్టలు మూడూ ఒకేసారి, ఒకే చిత్రకారుడితో గీయించండి. మూడింటికీ ఒకే సైజు, ఒకే కాగితం, ఒకే ల్యామినేషన్. కాగితం రంగు, మిల్లు పేరుతో సహా రాసి పెట్టుకోండి, లేకపోతే మొదటి భాగం పసుపుగా, రెండోది తెల్లగా వస్తాయి. వెన్ను మీద భాగం సంఖ్య పెద్దగా, మూడింటికీ ఒకే ఎత్తులో ఉండాలి. వెన్ను మందం సుమారుగా ఆకుల సంఖ్యను 0.1 మిల్లీమీటర్లతో హెచ్చిస్తే వస్తుంది, 120 ఆకులకు 12 మిల్లీమీటర్లు. అది అంచనాయే, అదే కాగితంతో బైండరు కట్టిచ్చిన ఖాళీ డమ్మీని కొలిచాకే అట్ట ఫైలు ఖరారు చేయండి. బైండింగుకు జిగురు ఒక్కటే వద్దు, ఫారాలు కుట్టి ఆపైన జిగురు వేయమనండి. సిరీస్‌లో మొదటి భాగం చేతులు మారుతుంది, ఒకరు చదివి ఇంకొకరికి ఇస్తారు. ఆకులు ఊడిపోయిన మొదటి భాగం మిగతా రెండింటికీ పాడె కడుతుంది. కాగితం నార (పోగులు సాగే దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండేలా అడగండి, అడ్డంగా పడితే వానాకాలంలో పుస్తకం అలలుగా వంగుతుంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది, రచయితగా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తి అక్కర్లేదు. ప్రతి భాగానికి ఒక సంఖ్య, గట్టి అట్ట వేస్తే దానికి వేరే, ఈ-బుక్‌కు వేరే. మూడింటికీ ప్రచురణ పేరు ఒకటే ఉండాలి. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. కాని ప్రెస్సు బిల్లులో పన్ను ఉంటుంది, అది మీకు తిరిగి రాదు కాబట్టి కొటేషన్ పన్నుతో కలిపి అడగండి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. అంటే నాలుగు కాపీలు అమ్మకం లెక్కలోంచి తీసేయండి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. అంకెలు లెక్క పద్ధతి చూపడానికే, మీ కొటేషన్లు వాటి స్థానంలో పెట్టుకోండి. 240 పేజీలు, 500 కాపీలు, అచ్చు కాపీకి 90 చొప్పున 45,000. డీటీపీ పేజీకి 30 చొప్పున 7,200. ప్రూఫు పేజీకి 20 చొప్పున 4,800. అట్ట 6,000. మొత్తం 63,000. వెల 250 పెట్టి, పంపిణీదారుకు 40 శాతం ఇస్తే మీ చేతికి 150. పెట్టుబడి తిరిగి రావాలంటే 420 కాపీలు అమ్ముడవ్వాలి. సమీక్షలకు, గ్రంథాలయాలకు, అట్ట గీసినవాళ్లకు, ముందుమాట రాసినవాళ్లకు 50 పోతాయి. మిగిలే 450లో 420 అమ్మితే అసలు వచ్చింది. రవాణా ఖర్చు కలిపితే అదీ లేదు. షాపుల మీదే ఆధారపడితే మొదటి ముద్రణలో లాభం ఉండదు, ఈ మాట ముందే తెలిసి దిగండి.

ఇదే 500లో 200 కాపీలు మీరే నేరుగా, పోస్టు ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకునేలా అమ్మితే 50,000 వస్తుంది. మిగిలిన 13,000కు షాపుల్లో 87 కాపీలు చాలు. అంటే 287 కాపీలకే గట్టున పడతారు. సొంత ప్రచురణ నిలబడేది ఈ నేరు అమ్మకాల మీదే. అందుకే మొదటి భాగం కొన్న ప్రతి మనిషి పేరు, ఫోను, ఊరు వాళ్ల అనుమతితో రాసిపెట్టుకోండి. షాపులో కొన్నవాళ్ల కోసం పుస్తకం చివరి పేజీలో మీ వాట్సాప్ నంబరు వేసి, ‘రెండో భాగం రాగానే కబురు కావాలంటే పేరు, ఊరు పంపండి’ అని రాయండి. ఆ జాబితాయే రెండో భాగం పెట్టుబడి. పుస్తకం ప్రెస్సులో ఉండగానే వాళ్లకు ముందస్తు ధర ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. అయితే పుస్తకం చేతికందే తేదీని ప్రెస్సు చెప్పినదానికి మూడు వారాలు కలిపి చెప్పండి.

కాపీలు ఎన్ని వేయాలి? మొదటి భాగం కొన్న పదిమందిలో ఆరేడుగురు రెండోది కొంటే ఆ సిరీస్ బాగా నడిచినట్టే. కాబట్టి మొదటి భాగం 500 అయితే రెండోది 350, మూడోది 300 మించవద్దు. మూడూ 500 చొప్పున వేసి, రెండో మూడో భాగాల కట్టలు మంచం కింద చెదలకు వదిలేయడం ఈ రంగంలో మామూలు నష్టం. దీనికి తిరగేసిన నష్టం ఇంకా పెద్దది, మొదటి భాగం అయిపోవడం. రెండో భాగం విడుదల రోజుకు మొదటి భాగం కనీసం 150 కాపీలు చేతిలో ఉండాలి. 60కి దిగగానే డిజిటల్‌లో (ప్లేట్లు లేకుండా ఫైలు నుంచి నేరుగా వేసే అచ్చు) 100 కాపీలు వేయించండి. 300 లోపైతే డిజిటల్, 500 దాటితే ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ సాధారణంగా నయం. పునర్ముద్రణకు డీటీపీ, ప్రూఫు, అట్ట ఖర్చు లేదు కాబట్టి అసలు డబ్బు కనిపించడం మొదలయ్యేది అక్కడే. సిరీస్ చేసే మేలు ఇదే. కొత్త భాగం వచ్చినప్పుడల్లా మొదటిదానికి కొత్త కొనుగోలుదారులు వస్తారు, ఆ ముద్రణకు మీరు పెట్టేది కాగితం, సిరా, కూలీ మాత్రమే.

తేదీల సంగతి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. రెండింటికీ పుస్తకం అందాలంటే నవంబరు చివరికి బైండింగు పూర్తవ్వాలి. సరిగ్గా అప్పుడే ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీలతో ఊపిరాడకుండా ఉంటాయి. అక్టోబరు మొదటి వారానికి ఫైలు ఇవ్వకపోతే సంక్రాంతి తర్వాతే చూసుకోవాలి. ప్రదర్శనలో సొంత స్టాలు మూడు పుస్తకాలకు గిట్టదు, నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి, లేదా తెలిసినవాళ్ల స్టాల్‌లో పెట్టించండి. రెండో భాగానికి ఆవిష్కరణ సభ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, కాని ఆ హాలు అద్దెకు వంద కాపీల డిజిటల్ పునర్ముద్రణ రావచ్చు, నేనైతే ఆ వందే ఎంచుకోమంటాను.

షాపులకు ఇచ్చిన ప్రతి కట్టకూ చలానా మీద సంతకం తీసుకోండి, భాగం సంఖ్య విడివిడిగా రాయించండి. ‘నవలలు 60’ అని రాస్తే ఆరు నెలల తర్వాత ఏ భాగం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. ఒకేసారి వంద ఇవ్వకుండా పాతిక చొప్పున ఇచ్చి, వాటి లెక్క తేలాక ఇంకో పాతిక ఇవ్వండి. డబ్బు మూడు నుంచి ఆరు నెలలకు వస్తుందనుకునే ప్రణాళిక వేసుకోవాలి. రెండో భాగం అచ్చు ఖర్చును ఆ బాకీల మీద పెట్టుకోకండి.

ఈ-బుక్ విషయంలో తొందర వద్దు. అమెజాన్ ఈ-బుక్ సేవ కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ పుస్తకాలు తెచ్చినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. ఎక్కించే ముందు అది ఒప్పుకునే భాషల పట్టిక ఇవాళ ఎలా ఉందో చూడండి. వేరే భాష పేరు పెట్టి దొంగదారిన ఎక్కిస్తే పుస్తకం తీసేసే ప్రమాదం ఉంది. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) ఎక్కించవచ్చు. కథలు ఆన్‌లైన్‌లో చదివే ప్రతిలిపి వేదికలో మొదటి పది అధ్యాయాలు వారానికి ఒకటి చొప్పున పెట్టడం అచ్చు పుస్తకానికి మేలు చేస్తుంది. మూడు భాగాలూ అక్కడే పూర్తిగా పెట్టేస్తే, ఉచితంగా చదివినవాళ్లు అచ్చు ప్రతి కొంటారన్న ఆశ పెట్టుకోకండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు అచ్చు పుస్తకం పంపే ఖర్చు పుస్తకం వెలను మించుతుంది. వాళ్ల కోసమైనా ఈ-బుక్ ఉండాలి.

ఇప్పుడు ఆ సగం ఖర్చు ఒప్పందం. అచ్చు ఖర్చు మొత్తం ఎంతో ప్రెస్సు బిల్లుతో చూపిస్తారా అని అడగండి. చూపించకపోతే మీరు కట్టే ‘సగం’ మొత్తం ఖర్చే కావచ్చు. ఒప్పంద పత్రంలో ‘ఈ రచన, దీని తదుపరి భాగాలు’ అన్న మాట ఉంటే సంతకం పెట్టకండి. మొదటి భాగం హక్కు ఒకరి దగ్గర, మిగతావి మీ దగ్గర ఉంటే, వాళ్లు పునర్ముద్రణ వేయని రోజున మీ సిరీస్ మొత్తం ఆగిపోతుంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ‘కాలపరిమితి లేకుండా, అన్ని రూపాలలో’ అని ఎవరైనా ప్రత్యేకంగా రాశారంటే తెలిసే రాశారని అర్థం. ఒప్పుకునేదల్లా ఒకటే: అచ్చు హక్కు మాత్రమే, మొదటి భాగానికే, మూడేళ్లకు, స్టాకు అయిపోయి ఆరు నెలలైనా మళ్లీ వేయకపోతే హక్కు తిరిగి మీకే. అట్ట గీసినవాళ్ల దగ్గర కూడా ఇలాగే ఒక కాగితం తీసుకోండి, పునర్ముద్రణలకు, ఈ-బుక్‌కు, ప్రకటనలకు ఆ బొమ్మ వాడుకోవచ్చని.

మూడో భాగం వచ్చాక మూడూ కలిపి పెట్టెలో అమ్మాలని అందరికీ ఉంటుంది, అమ్మకానికి అది మంచిదే. పెట్టె మాత్రం ముందే చేయించకండి. మూడు పుస్తకాల వెన్నులు లెక్క ప్రకారం 36 మిల్లీమీటర్లు వచ్చినా, వేర్వేరు ఏళ్లలో కొన్న కాగితం వల్ల 38 కావచ్చు. మూడింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి, దానికి మూడు మిల్లీమీటర్ల సందు కలిపి, అప్పుడు ఒక్క పెట్టె నమూనా చేయించి చూసి, మొదట 50 మాత్రమే చెప్పండి.